వెనుక వింగ్ కోణం ఒక్కటే పెంచితే చాలదు

సంపాదకులకు నమస్కారం.

ఆర్యా,

గత ఆదివారం మీ పత్రికలో రేసు కార్ల గురించి వచ్చిన వ్యాసంలో, వెనుక వింగ్ కోణం ఎంత పెంచితే మలుపుల్లో కారుకు అంత పట్టు దొరుకుతుందని రాశారు. ఆ మాట సగమే నిజం. ఇంజనీరింగ్ కళాశాలలో ఇరవై ఏళ్లకు పైగా పాఠం చెప్పి, విద్యార్థులు పోటీల కోసం సొంతంగా తయారుచేసుకున్న చిన్న ఫార్ములా కార్ల వెంట కోయంబత్తూరు దాకా వెళ్లివచ్చినవాణ్ని కనుక, మిగతా సగం కూడా పాఠకులకు, ముఖ్యంగా ఈ ఏడాది కారు కడుతున్న పిల్లలకు అందాలని ఈ లేఖ రాస్తున్నాను.

విమానం రెక్కను బోర్లించినట్టుండే ఈ వింగ్, గాలిని పైకి మళ్లిస్తూ కారును కిందికి నొక్కుతుంది. బరువే కావాలంటే కారులో ఇసుక బస్తాలు వేసుకోవచ్చు కదా అని తరగతిలో ఏటా ఎవరో ఒకరు అడిగేవారు. బస్తా టైరును నేలకు అదిమే మాట నిజమే, కానీ మలుపులో ఆ బస్తాను కూడా ఆ టైరే తిప్పాలి. వింగ్ మాత్రం కారు ద్రవ్యరాశిని పెద్దగా పెంచకుండానే టైరు మీద ఒత్తిడిని పెంచుతుంది. దాని విలువంతా అక్కడే ఉంది. అయితే ఈ ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. గంటకు 120 కిలోమీటర్ల వేగంలో 80 కిలోల బరువుతో నొక్కే వింగ్, 60 కిలోమీటర్ల వేగంలో 20 కిలోలే నొక్కుతుంది, 40 కిలోమీటర్ల దగ్గర 9 కిలోలకు మించదు. అందువల్ల నెమ్మదిగా తిరగవలసిన హెయిర్‌పిన్ మలుపులో కారు జారుతుంటే వింగ్ జోలికి పోకుండా, టైర్లలో గాలిని, స్ప్రింగులను, మలుపులో కారు పక్కకు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్‌ను చూసుకోవాలి.

అసలు చిక్కు సమతూకంలో ఉంది. వెనుక వింగ్‌ను సాధారణంగా వెనుక ఇరుసుకంటే ఇంకా వెనక్కి బిగిస్తారు. ఎడ్లబండిలో బస్తాలు వెనక్కి జరిగితే కాడి పైకి లేచినట్టే, ఆ వింగ్ గట్టిగా నొక్కేకొద్దీ ముందు చక్రాల మీద బరువు తేలిపోతుంది. ఒక ఏడాది మా విద్యార్థుల కారు వేగమైన మలుపులో తోక విసురుతోందని, వాళ్లు వెనుక వింగ్‌ను, కోణం మార్చడానికి వరుసగా ఉండే బోల్టు రంధ్రాల్లో, ఒకేసారి మూడు రంధ్రాలు పైకి బిగించారు. తోక నిలిచింది గానీ, స్టీరింగ్ ఎంత తిప్పినా కారు మలుపు తిరగక బయటి అంచు వైపు పోసాగింది. తప్పు డ్రైవరుదేనని ఆ కుర్రాణ్ని మధ్యాహ్నమంతా మాటలన్నారు, అది చూసి నాకు చాలా బాధ కలిగింది. సాయంత్రం వెనుక రెండు రంధ్రాలు దించి, ముందు వింగ్ ఫ్లాప్‌ను, అంటే దాని వెనుక అంచున కోణం మార్చగల పలకను, ఒక్క మెట్టు పెంచాక, అదే డ్రైవరు అదే మలుపును హాయిగా తిరిగాడు.

కోణం పెంచడానికీ హద్దు ఉంది. హద్దు దాటితే వింగ్ అడుగు భాగాన్ని అంటిపెట్టుకుని పారవలసిన గాలి విడిపోయి, నొక్కే శక్తి పడిపోతుంది, వెనక్కి లాగే గాలి నిరోధం మాత్రం మిగులుతుంది. పొడవైన సూటి దారులున్న ఇటలీలోని మోంజా రేసు ట్రాక్‌లో పల్చటి వింగ్, మలుపులే మలుపులైన మొనాకోలో నిటారు వింగ్ కనిపించేది ఈ లెక్క వల్లనే. 1966లోనే చాపరల్ 2ఈ అనే అమెరికన్ రేసు కారులో, సూటి దారి వచ్చినప్పుడు డ్రైవరు పెడల్ తొక్కి వింగ్‌ను చదును చేసే ఏర్పాటు ఉండేది. ఫార్ములా వన్‌లో 2011 నుంచి సూటి దారిలో వెనుక వింగ్ ఫ్లాప్ ఒక్కటే తెరుచుకునేది. 2026 నిబంధనల్లో ముందు వింగ్ కూడా దానితోపాటు కదిలేలా మార్చారంటే, రెండింటినీ కలిపి చూడవలసిన అవసరం ఎంతటిదో తెలుస్తుంది.

కోణంతోపాటు బిగింపు సంగతి కూడా ఆ వ్యాసంలో లేదు. 1969లో బార్సిలోనాలోని మోంజుయిక్ వీధుల్లో జరిగిన స్పానిష్ గ్రాండ్ ప్రిలో, సన్నని కమ్మీల మీద ఎత్తుగా నిలిపిన వింగులు విరిగి డ్రైవర్లు గ్రాహం హిల్, యోకెన్ రింట్‌ల లోటస్ కార్లు రెండూ ప్రమాదానికి గురయ్యాయి, రింట్ గాయపడ్డాడు. అదే నెలలో మొనాకోలో అలాంటి ఎత్తు వింగులను నిషేధించారు. కోణం పెంచిన ప్రతిసారీ ఆ కమ్మీల మీద, బోల్టుల మీద పడే భారం కూడా పెరుగుతుందని పిల్లలకు చెప్పకపోవడం ప్రమాదకరం.

కాబట్టి ఆ వ్యాసానికి సవరణ ప్రచురించవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను. సమతలమైన నేల మీద, డ్రైవరు సీటులో కూర్చుని ఉండగా కోణం కొలవాలని, ఒకసారికి ఒక్క మెట్టే మార్చాలని, టైర్ల గాలిని ముట్టుకోకుండా కనీసం మూడు ల్యాపులు నడిపి వేగమైన మలుపుల సమయాన్నీ నెమ్మది మలుపుల సమయాన్నీ వేర్వేరుగా రాసుకోవాలని, వెనుక వింగ్ మార్చినప్పుడల్లా ముందు వింగ్‌ను కూడా పరీక్షించాలని అందులో చేర్చండి. పోటీల కాలం దగ్గరపడుతోంది, కార్లు ఇప్పటికే వర్క్‌షాపుల్లో సిద్ధమవుతున్నాయి.

భవదీయుడు,
విశ్రాంత మెకానికల్ ఇంజనీరింగ్ అధ్యాపకుడు,
కాకినాడ