మా ఈమెయిల్ కీ మారింది, పాతది వాడకండి

నమస్తే.

మా అనువాదాల కోసం మీరు పంపేవి అందరికీ చూపించుకునే కాగితాలు కావు. ఆస్పత్రి రిపోర్టులు, విడాకుల పత్రాలు, సంతకాలు ఇంకా పడని ఒప్పందాలు ఉంటాయి. అందుకే ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే కీ ఉన్నవాళ్లు తప్ప ఎవరూ చదవలేని రూపంలోకి మార్చి పంపమని మేమే మిమ్మల్ని అడిగాం. మీలో కొందరు కష్టపడి నేర్చుకుని మరీ అలా పంపారు. తీరా వాటిని తెరిచే కీని మేమే పోగొట్టుకున్నాం.

ఆఫీసు కంప్యూటర్ హార్డ్‌డిస్క్ పాడైంది. అనువాదాల ఫైళ్లన్నిటికీ బ్యాకప్ ఉంది, ప్రైవేట్ కీకి లేదు. కీ తయారుచేసింది నేనే. కాపీ తర్వాత తీద్దామనుకున్నాను, తీయలేదు. 11 మంది పంపిన ఉత్తరాలు ఇన్‌బాక్స్‌లో కళ్ల ముందే ఉన్నాయి, ఒక్కటీ తెరుచుకోదు. మర్చిపోయిన పాస్‌వర్డ్ అయితే ఎవరినో అడిగి మార్పించుకోవచ్చు. ఇక్కడ అడగడానికి ఎవరూ లేరు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మళ్లీ పంపమని బతిమాలాం. ఒకరు ప్రయాణంలో ఉన్నారు, అసలు కాగితాలు ఇంట్లో ఉన్నాయి, వారి పని గడువు దాటిపోయింది. ఆ తప్పు నాది. వారిని క్షమించమని అడిగాను, మీ అందరినీ కూడా అడుగుతున్నాను.

ఇప్పుడు కొత్త కీ తయారైంది. దాని కాపీలు రెండు, రెండు వేర్వేరు చోట్ల ఉన్నాయి. వాటిలో ఒక కాపీతో వేరే కంప్యూటర్‌లో ఉత్తరం తెరిచి చూసుకున్నాకే మీకు ఇది రాస్తున్నాను.

మొదటిసారి మొదలుపెట్టేవాళ్లు తికమకపడేది పేర్ల దగ్గరే. పబ్లిక్ కీ, ప్రైవేట్ కీ అని రెండింటినీ కీ అంటారు గానీ, పబ్లిక్ కీ చేసేది తాళంకప్ప పని. దాన్ని ఎంతమందికైనా పంచవచ్చు. ఎవరైనా మీకు రాసిన ఉత్తరాన్ని పెట్టెలో పెట్టి, మీ కప్ప నొక్కేసి పంపుతారు. నొక్కినవాళ్లు కూడా మళ్లీ తీయలేరు. తీసే చెవి ప్రైవేట్ కీ, అది మీ దగ్గర మాత్రమే ఉండాలి. మాకు పంపేటప్పుడు మీరు వాడేది మా కప్ప, మేం జవాబు రాసేటప్పుడు వాడేది మీ కప్ప. అందుకే మీ పబ్లిక్ కీ కూడా మాకు కావాలి.

ఈ పద్ధతిని ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో పీజీపీ అనే ప్రోగ్రాంగా మామూలు జనం చేతికి అందించారు. అది దేశం దాటిపోయిందని అమెరికా ప్రభుత్వం ఆయన మీద దర్యాప్తు నడిపి, 1996లో కేసేమీ పెట్టకుండా వదిలేసింది. తర్వాత అదే ఓపెన్‌పీజీపీ అనే ప్రమాణంగా మారింది. మేం దీన్ని ఎంచుకోవడానికి కారణం, ఇది ఏ ఒక్క కంపెనీదీ కాదు. మీరు ఒక ప్రోగ్రాం వాడి, మేం ఇంకొకటి వాడినా ఉత్తరం తెరుచుకుంటుంది.

కొత్తవాళ్లకు నేను చెప్పేది థండర్‌బర్డ్ అనే ఈమెయిల్ ప్రోగ్రాం. 2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచి ఓపెన్‌పీజీపీ అందులోనే ఉంది, వేరే ఏదీ జోడించక్కర్లేదు. అకౌంట్ సెట్టింగ్స్‌లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌లోకి వెళ్లి యాడ్ కీ నొక్కితే కొన్ని నిమిషాల్లో పబ్లిక్, ప్రైవేట్ కీల జత తయారవుతుంది. కీకి మూడేళ్ల గడువు తనే పెడుతుంది, దాన్ని అలాగే ఉంచండి. మా పాత కీకి గడువు లేదు, రద్దు చేసే సర్టిఫికెట్ కూడా అదే డిస్క్‌తో పోయింది. దాంతో పబ్లిక్ కీలను అందరికీ దొరికేలా ఉంచే పాత తరహా కీ సర్వర్లలో అది ఇప్పటికీ చెల్లే కీలాగే కనిపిస్తోంది, తీసేసే దారి మాకు లేదు. సెట్టింగ్స్‌లో ప్రైమరీ పాస్‌వర్డ్ కూడా పెట్టుకోండి. లేకపోతే మీ కంప్యూటర్ ముందు కూర్చున్న ఎవరైనా మీ ఉత్తరాలు చదవగలరు.

ఆ వెంటనే, ఒక్క ఉత్తరం కూడా రాయకముందే, కీ మేనేజర్‌లో సీక్రెట్ కీ (ప్రైవేట్ కీకి అక్కడ ఉన్న పేరు) బ్యాకప్ తీయండి. అది అడిగే పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, బ్యాకప్ ఉన్న పెన్‌డ్రైవ్‌కు దూరంగా దాచండి.

మీ పబ్లిక్ కీని మాకు పంపే ముందు ఆ ఫైల్‌ను ఒకసారి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదటి వరుసలో పబ్లిక్ కీ బ్లాక్ అని ఉండాలి. ప్రైవేట్ అని ఉంటే ఆగిపోండి. ఒక కస్టమర్ పొరపాటున అదే పంపారు. ఆ ఫైల్ చెరిపేశాం, కానీ ఒకసారి బయటికి వెళ్లిన కీని నమ్మకూడదు గనుక ఆయన చేత కొత్త జత చేయించాం. గంట పట్టింది. ఆయనకు విసుగు రాలేదు, నాకూ రాలేదు.

ఇక వేలిముద్ర. ప్రతి కీకి ఫింగర్‌ప్రింట్ ఉంటుంది, ఎక్కువ కీలకు అది 40 అక్షరాలు. మా పేరుతో ఎవరైనా కీ తయారుచేయగలరు, ఈ 40 మాత్రం కలవవు. అందుకే మా వేలిముద్రను ఈమెయిల్‌లో పంపడం లేదు. మీ రసీదు మీద ఉన్న నంబర్‌కు ఫోన్ చేయండి, నాలుగేసి అక్షరాలుగా చదివి వినిపిస్తాం. అన్నీ సరిపోయాకే థండర్‌బర్డ్‌లో ఆ కీని సరిచూసినదిగా గుర్తించండి.

ఎన్‌క్రిప్ట్ చేసినా ఎవరు ఎవరికి ఎప్పుడు రాశారన్నది దాగదు. సబ్జెక్టును థండర్‌బర్డ్ దాస్తుంది గానీ చాలా ప్రోగ్రాంలు దాచవు. కాబట్టి సబ్జెక్టులో జబ్బు పేరో, కేసు నంబరో రాయకండి, 'అనువాదం' అంటే చాలు. తెరిచాక మా కంప్యూటర్‌లో ఉండే కాపీకి బాధ్యత మాది. పని ముగిసిన 30 రోజులకు చెరిపేస్తాం.

ఇదంతా వద్దనుకుంటే బలవంతం లేదు. కాగితాలు చేతికి తెచ్చివ్వవచ్చు. నేర్చుకుందామనుకుంటే మాత్రం మొదటి ఉత్తరంలో పత్రాలేవీ పెట్టకండి. మీ పబ్లిక్ కీ జతచేసి రెండు మాటలు రాయండి. దానికి ఎన్‌క్రిప్ట్ చేసిన జవాబు ఇస్తాం. అది మీ దగ్గర తెరుచుకుందని ఫోన్‌లో చెప్పాక అసలు కాగితాలు పంపండి.