అది పబ్బు సంగీతం కాదండీ

సంపాదకులు గారికి, నమస్కారం.

డబ్లిన్‌లో జరిగిన సెయింట్ ప్యాట్రిక్స్ డే ఊరేగింపు గురించి మీ ఎన్నారై పేజీలో వేశారు. ఫొటోలు బాగున్నాయి. కానీ ఐరిష్ సంగీతాన్ని మాత్రం 'పబ్బు సంగీతం' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అది చదివి ఊరుకోలేకపోయాను. ఎందుకంటే నేనుండే ఈ డబ్లిన్‌లో మనవాళ్ల నోటా అదే మాట విన్నాను. మా అమ్మాయి బడిలో టిన్ విజిల్ నేర్చుకుంటోంది. ఇక్కడ చాలా ప్రైమరీ బడుల్లో పిల్లలకు మొదట చేతికిచ్చేది ఆ ఆరు రంధ్రాల పిల్లనగ్రోవే. ఉగాది కార్యక్రమంలో ఐదు నిమిషాలు వాయిస్తుందండీ అని అడిగితే, మన తెలుగు సంఘం వాళ్లొకరు "ఆ పబ్బు పాటలు మన స్టేజీ మీద ఎందుకమ్మా" అన్నారు. పదేళ్ల పిల్ల పక్కనే నిలబడి వింటోంది.

పబ్బుల్లో వాయించరని నేను అనను. కానీ ఆ అలవాటు ఊపందుకున్నది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే, అదీ లండన్‌లో. కూలి పనికి వలసపోయిన ఐరిష్‌వాళ్లు ఇరుకు అద్దె గదుల్లో ఉండేవారు. నలుగురూ కలిసి వాయించుకోవడానికి వాళ్లకు మరో చోటు లేదు. అంతకుముందు ఈ సంగీతమంతా ఇళ్లలో వంటింటి పొయ్యి దగ్గర, ఊళ్లలో నాలుగు దారుల కూడలి దగ్గర వినిపించేది. ఇప్పుడు కూడా సెషన్‌లో, అంటే నలుగురు చేరి వాయించుకునే కూటమిలో, ఎవరి ముందూ పుస్తకం ఉండదు. బాణీ తెలిస్తే కలుస్తారు, తెలియకపోతే వింటారు. మనం గురుముఖంగా నేర్చుకోవడం అంటాం చూడండి, సరిగ్గా అదే.

మా దగ్గరి లైబ్రరీలో ఒక శనివారం ఇలిన్ పైప్స్ అనే ఐరిష్ తిత్తి వాయిద్యం వాయించే పెద్దాయనను అడుగు దూరం నుంచి చూశాను. ఇలిన్ అంటే ఐరిష్‌లో మోచెయ్యి. నోటితో ఊదే పనే లేదు. కుడి మోచేతి కింద కమ్మరి కొలిమితిత్తి లాంటి చిన్న తిత్తి, ఎడమ చంకలో గాలి సంచి. శ్రుతి పట్టడానికి మూడు గొట్టాలు. బాణీ పలికే గొట్టం మీద వేళ్లు ఆడుతుంటే, మణికట్టు పక్క మీటలను నొక్కి తోడు స్వరాలు పలికిస్తుంది. తొడ మీద తోలు ముక్క పరుచుకుని, గొట్టం కొసను దానికి ఆనించి స్వరాన్ని ఠక్కున తుంచుతాడు. శ్రుతి మొదలవగానే నాకు మా తాత చెప్పిన వీధి భాగవతం తిత్తి గుర్తొచ్చింది. పైపర్ తయారవాలంటే ఏడేళ్లు నేర్చుకోవాలి, ఏడేళ్లు సాధన చెయ్యాలి, ఏడేళ్లు వాయించాలి అంటారు ఇక్కడ. ఇరవై ఒక్క ఏళ్లు!

ఈ వాయిద్యం దాదాపు పోయేదే. 1968లో పైపర్లంతా కలిసి 'న పీబరి ఇలిన్' అనే సంఘం పెట్టుకునేనాటికి దేశం మొత్తం మీద వందమంది కూడా లేరు. అప్పుడు మిగిలి ఉన్న పెద్దల్లో షేమస్ ఎన్నిస్ ఒకరు. 1940లలో జానపద కమిషన్ ఉద్యోగిగా ఊరూరా సైకిల్ మీద తిరిగి పాటలు, బాణీలు రాసుకొచ్చిన మనిషి ఆయన. పోయేముందు తన పైప్స్‌ను లియమ్ ఓ ఫ్లిన్ అనే పైపర్‌కు రాసిచ్చారు. ఓ ఫ్లిన్ వాటిని ప్రపంచ వేదికల మీద వాయించారు. 2017లో యునెస్కో ఈ వాయిద్య కళను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. రెండేళ్లకు ఐరిష్ హార్ప్ అనే తీగల వాయిద్యానికి కూడా ఆ గౌరవం దక్కింది.

వలసవచ్చిన మనకు మరీ దగ్గరి మనిషి ఇంకొకాయన ఉన్నారు, ఫ్రాన్సిస్ ఓ నీల్. కార్క్ కౌంటీలో పుట్టి, పదహారేళ్లకే ఇల్లు వదిలి ఓడెక్కి, చివరికి షికాగో పోలీసు శాఖకు అధిపతి అయ్యారు. ఆయనకు స్వరాలు రాయడం రాదు. ఆయన వినిపిస్తుంటే జేమ్స్ ఓ నీల్ అనే మరో పోలీసు కాగితం మీద పెట్టేవారు. అలా 1903లో 1,850 బాణీలతో పుస్తకం వచ్చింది. ఇవాళ్టికీ ఐర్లండ్‌లో వాయించేవాళ్లు దాన్నే తిరగేస్తారు. సొంత దేశం మరిచిపోతున్నదాన్ని పరాయి దేశంలో ఉన్న పోలీసులు కాపాడారు.

మాది మదనపల్లె. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ మా ఊరి థియోసాఫికల్ కాలేజీలో బస చేసినప్పుడు 'జనగణమన'కు స్వరలిపి రాసింది మార్గరెట్ కజిన్స్. ఆమె భర్త జేమ్స్ ఆ కాలేజీ ప్రిన్సిపాల్. ఆమె పుట్టింది రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్‌లో, సంగీతం చదువుకున్నది డబ్లిన్‌లో. హార్ప్ విద్వాంసుడు టర్లో ఒ కారొలన్‌ను సమాధి చేసింది కూడా అదే కౌంటీలో. పద్దెనిమిదేళ్లప్పుడు అమ్మవారు పోసి చూపు పోతే, హార్ప్ నేర్చుకుని, గుర్రం మీద ఊళ్లు తిరుగుతూ రెండు వందలకు పైగా బాణీలు కట్టి 1738లో కన్నుమూసిన మహానుభావుడు. ఆ గడ్డ మీద పుట్టిన మనిషి మన ఊరికి వచ్చి మన పాటకు స్వరాలు రాస్తే, ఆమె దేశపు పాట మన స్టేజీకి పనికిరాదా?

అయ్యా, మీరు మీ పేజీలో ఆ మాట సరిదిద్దండి. వీలైతే ఈ సంగీతం మీద ఒక మంచి వ్యాసం వెయ్యండి. ఇక్కడి సంఘాలవాళ్లకు నా మనవి ఒకటే. మన పిల్లలు కూచిపూడీ నేర్చుకుంటున్నారు, టిన్ విజిలూ నేర్చుకుంటున్నారు. రెండింటికీ చోటివ్వండి. ఊళ్లో వాయించే ఐరిష్ పెద్దవాళ్లను ఒక్కసారి పిలవండి, పులిహోర పెట్టండి, వాళ్లు వాయిస్తే వినండి.

మా అమ్మాయి ఇప్పుడు కారొలన్ బాణీ ఒకటి సాధన చేస్తోంది. రెండో భాగంలో పైస్థాయికి వెళ్లేటప్పుడు ఇంకా గాలి తడబడుతోంది. వచ్చే ఉగాదికి కుదురుతుంది.

ఒక పాఠకురాలు,
లూకన్, డబ్లిన్