ముప్పై రోజులు నిండాయని స్లాట్ బుక్ చెయ్యకు

తెనాలి,
జూన్ 22.

అమ్మలూ,

ఇక్కడ నేనూ అమ్మా బాగున్నాం. ఆదివారం ఫోన్లో నువ్వు "నాన్నా, జూలై 10కి 30 రోజులు నిండుతాయి, మర్నాడే డ్రైవింగ్ టెస్టుకి స్లాట్ బుక్ చేసేస్తా" అన్నావు. నీ సంతోషం చూసి అప్పుడు ఏమీ అనలేక ఊఁ కొట్టాను. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నాను.

నీ లెక్క కరెక్టే. ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్స్, చేతికొచ్చి 30 రోజులు నిండందే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ టెస్టు పెట్టడు. మరీ పచ్చిగా ఉన్నవాళ్లు రాకుండా పెట్టిన గడువు అది. నీ చెయ్యి ఎప్పుడు తిరుగుతుందో ఆ కాగితానికి ఏం తెలుసు?

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. 1986లో నాకు లైసెన్స్ వచ్చింది. టెస్టు చదును మైదానంలో పెట్టారు. బండి ముందుకు పోనిచ్చి, వెనక్కి తెచ్చి, చెయ్యి చాపి సిగ్నల్ చూపిస్తే పాసైపోయాను. వారం తిరక్కుండానే మా షావుకారు జీపు వేసుకుని కాలవ వంతెన ఎక్కుతున్నాను. ముందు ఎద్దులబండి ఆగింది, నేనూ ఆపాను. మళ్లీ కదిలించబోతే క్లచ్ వదలడం, ఎక్సలేటర్ తొక్కడం రెండూ కుదరలేదు. జీపు వెనక్కి జారింది. వెనక సైకిల్ మీద పాలక్యాన్లతో ఒకాయన వస్తున్నాడు. ఆయన పక్కకి దూకాడు కాబట్టి ప్రాణం దక్కింది. సైకిల్ చక్రం వంగిపోయింది. క్యాను మూత ఊడి, పాలన్నీ తారు రోడ్డు మీద వాలుగా కిందికి పారాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. సైకిల్ కూడా లేపకుండా ఆ పాలకేసే చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత ఆర్టీసీలో 29 ఏళ్లు బస్సు నడిపాను. ఏ ఎత్తు ఎక్కుతున్నా ఆ పాలే కళ్లముందు మెదిలేవి.

అందుకే ముందు ఎక్కుడులో ఆపి, కదిలించడం నేర్చుకో. హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచి, క్లచ్ నెమ్మదిగా వదులు. ఒక చోట ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, బానెట్ కొంచెం పైకి లేచినట్టు అనిపిస్తుంది. కాలు అక్కడే బిగబట్టి, ఎక్సలేటర్ కాస్త ఇచ్చి, అప్పుడు హ్యాండ్ బ్రేక్ దించు. హాఫ్ క్లచ్ అంటే అదే. పదిసార్లు చేస్తే పదిసార్లూ బండి వెనక్కి జారకూడదు.

ఇంకో మాట. డ్రైవింగ్ స్కూల్ కారులో ఇన్‌స్ట్రక్టర్ కాళ్ల దగ్గర కూడా బ్రేకు, క్లచ్ ఉంటాయి. నువ్వు బాగా ఆపాననుకున్నప్పుడు చాలాసార్లు ఆపింది ఆయన కాలే. ఒకరోజు ఆయన్ని కాళ్లు వెనక్కి పెట్టుకుని కూర్చోమని అడుగు. హెచ్ అక్షరం ఆకారంలో ఉండే ట్రాక్‌లో రివర్స్ కూడా ఆయన "తిప్పు, తిప్పు" అనకుండా, అద్దాలు చూసుకుంటూ నువ్వే చెయ్యి. అప్పుడు తెలుస్తుంది నీకు ఎంత వచ్చిందో.

అలాగని మరీ ఆలస్యం చెయ్యమనీ అనను. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలే. నీది డిసెంబర్ 9తో అయిపోతుంది, ఆ తర్వాత మళ్లీ మొదటినుంచీ తీసుకోవాలి. టెస్టు తప్పితే 7 రోజులు ఆగాలి. మూడుసార్లు తప్పితే 60 రోజుల దాకా రానివ్వరు. ఆగస్టు ఆఖరికి స్లాట్ పెట్టుకుంటే, దేవుడి దయవల్ల అలా జరగదు కానీ, మూడుసార్లు తప్పినా నవంబర్‌లో మళ్లీ వెళ్లొచ్చు. అదే అక్టోబర్ దాకా నాన్చావంటే ఆ 60 రోజులు నిండేలోపే ఎల్‌ఎల్‌ఆర్ చచ్చిపోతుంది. కాబట్టి ఆగస్టు ఆఖరి వారం చూసుకో. ఒకసారి తప్పినా బెంగపడకు. టెస్టులో తప్పితే ఏడు రోజులే పోతాయి తల్లీ.

ఈలోపు ఒంటరిగా బండి తియ్యకు. నీ రూమ్మేట్ పక్కన కూర్చుంటుందన్నావు. ఆ అమ్మాయికి లైసెన్స్ ఉందా? లేకపోతే కూర్చున్నా లెక్కలోకి రాదు. పక్కన లైసెన్స్ ఉన్న మనిషి ఉండాలి, ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి.

ఆగస్టు మూడో వారంలో నేను హైదరాబాద్ వస్తాను. మీ మావయ్య కారు పది రోజులు ఇస్తానన్నాడు. టెస్టుకి కూడా దాన్నే తీసుకెళ్దాం. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ తీసి పెట్టమని చెప్పాను. తెల్లారి ఐదింటికి లేవాలి, ట్రాఫిక్ లేనప్పుడు ఫ్లైఓవర్ ఎక్కిద్దాం.

అమ్మ నిన్న స్కేలు పెట్టి తెల్ల అట్టలు రెండు కోసింది. ఎర్ర పెయింటుతో ఎల్ అక్షరం తనే రాసి వరండాలో ఆరబెట్టింది. వచ్చేటప్పుడు తెస్తాను.

ఆశీస్సులతో,
నాన్న