సూరికి, ఆ ఒక్క అంకె గురించి

ప్రియమైన సూరీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అమ్మ కంటి ఆపరేషను సంగతి కోసం, రెండోసారి మీ ప్లాంటుకు వచ్చిన ఆ కాగితం కోసం. అమ్మ మళ్ళీ తనే సూదిలో దారం ఎక్కిస్తోందని రాశావు చూడు, ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కాగితం సంగతి మాత్రం ఫోనులో తేలేది కాదు. మా టమాటా పేస్టు ప్లాంటు సీజను అక్టోబరులో ముగిసింది, బాయిలర్లు చల్లబడ్డాయి. ఈ ఆదివారం పొద్దున్నే కాఫీ పెట్టుకుని నీకోసమే కూర్చున్నాను.

టన్ను సిమెంటుకు ఇంతకు మించి కర్బన వాయువులు రాకూడదని కేంద్రం మీకు లక్ష్యం పెట్టిందన్నావు. 2023-24 లెక్కను ఆధారంగా తీసుకుని 2025-26కు ఒక అంకె, 2026-27కు ఇంకో అంకె. మీ మేనేజరు నిన్ను తయారీదారుల సంఘం సమావేశానికి వెళ్ళి మన బాధ చెప్పి రమ్మన్నారని, అక్కడ ఏం మాట్లాడాలో తోచడం లేదని రాశావు. "మీ రాష్ట్రంలో ఇది పాత కథే కదా, అక్కడి కంపెనీలు ఏం చేశాయి?" అని అడిగావు. మా ప్రభుత్వ విధానం గురించి నాకు తెలిసిందంతా బాయిలర్ గది కిటికీలోంచి చూసిందే. అదే చెబుతాను.

ఇక్కడ కాలిఫోర్నియాలో కథ 2006లో మొదలైంది. ఆ సెప్టెంబరులో గవర్నర్ ష్వార్జ్‌నెగర్ ఏబీ 32 అనే చట్టం మీద సంతకం పెట్టాడు. 2020 నాటికి రాష్ట్రం వదిలే వాయువులు 1990 నాటి స్థాయికి దిగాలన్నది దాని సారం. అమలు బాధ్యత రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలోని గాలి వనరుల బోర్డుది. ఆ బోర్డు రాష్ట్రం మొత్తానికి ఒక హద్దు గీసింది. ఆ హద్దులోపల టన్నుకొకటి చొప్పున అనుమతులు తయారు చేసి, కొన్ని ఉచితంగా పంచి, మిగతావి వేలం వేస్తుంది. ఏడాదికి 25,000 టన్నులు దాటి వాయువులు వదిలే ప్రతి కార్ఖానా తన ప్రతి టన్నుకూ ఒక అనుమతి తిరిగి అప్పగించాలి. హద్దు ఏటేటా కుంచించుకుపోతుంది. దీన్ని క్యాప్ అండ్ ట్రేడ్ అంటారు. 2012 నవంబరులో మొదటి వేలంలో టన్ను 10 డాలర్ల 9 సెంట్లు పలికింది. 2025 ఆగస్టులో 28 డాలర్లు దాటింది.

ఇప్పుడు పరిశ్రమల సంగతి. 2010 నవంబరులో ఈ చట్టాన్ని పక్కన పెట్టించాలని ఒక ప్రతిపాదన ప్రజల ఓటుకు వచ్చింది. నిరుద్యోగం వరుసగా నాలుగు త్రైమాసికాలు 5.5 శాతానికి మించకుండా ఉండేదాకా చట్టం ఆగాలన్నది షరతు. అప్పుడు నిరుద్యోగం 12 శాతం దగ్గర ఉంది, కాబట్టి ఆగడమంటే ఎప్పటికీ ఆగడమే. డబ్బు ప్రధానంగా టెక్సాస్‌కు చెందిన రెండు చమురు శుద్ధి కంపెనీలది. జనం 60 శాతానికి పైగా వద్దన్నారు. నేను ఆ మరుసటి ఏడాదే ఇక్కడికి వచ్చాను. మా ప్లాంటులో పెద్దవాళ్ళు ఆ ఓటమి గురించి ఇంకా మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళు.

తరవాత కోర్టు. రాష్ట్ర వాణిజ్య మండలి ఒక దావా, మాలాంటి టమాటా వ్యాపారంలోనే ఉన్న మార్నింగ్ స్టార్ కంపెనీ మరో దావా వేశాయి. దేశస్థాయి తయారీదారుల సంఘం కూడా వచ్చి చేరింది. వాళ్ళ వాదన ఏమిటంటే, వేలం పేరుతో వసూలు చేసేది నిజానికి పన్ను, పన్నుకు శాసనసభలో మూడింట రెండు వంతుల మద్దతు ఉండాలి, 2006 చట్టానికి అది లేదు. వాదనలో బలం లేకపోలేదు. 2017 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు ఇద్దరు ఒకవైపు, ఒకరు మరోవైపుగా తీర్పు చెప్పి పన్ను కాదంది. జూన్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికే ఒప్పుకోలేదు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఆ వెంటనే జరిగినది. జూలైలో గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఈ పథకాన్ని 2030 దాకా పొడిగించే ఏబీ 398 బిల్లును శాసనసభలో ముందుకు నడిపించాడు. ఈసారి మూడింట రెండు వంతుల ఓట్లు కావాలని పట్టుబట్టాడు. మళ్ళీ ఎవరూ కోర్టుకు వెళ్ళకూడదని అతని పట్టుదల. అన్నేళ్ళు వ్యతిరేకించిన వాణిజ్య మండలి, రాష్ట్ర తయారీదారుల సంఘం ఆ బిల్లుకు మద్దతు పలికాయి! అసెంబ్లీలో 55 ఓట్లు, సెనేట్‌లో 28, రెండు చోట్లా సరిగ్గా కావలసినంతకు ఒక్కటి మాత్రమే ఎక్కువ. మద్దతిచ్చిన ప్రతిపక్ష నాయకుడు కొద్ది వారాల్లోనే పదవి పోగొట్టుకున్నాడు. పరిశ్రమలకు దక్కినవి చిన్నవి కావు. అనుమతుల ధరకు పై హద్దు వచ్చింది. యంత్రాల కొనుగోలు మీద అమ్మకపు పన్ను మినహాయింపు 2030 దాకా పెరిగింది. అన్నిటికన్నా పెద్దది, ఉచిత అనుమతులు ఎంత శాతం ఇవ్వాలో తేల్చే సహాయ గుణకం అన్ని పరిశ్రమలకూ నూటికి నూరు శాతంగా నిలిచింది. పాత నిబంధనల ప్రకారం చాలా ఆహార పరిశ్రమలకు అది క్రమంగా తగ్గాల్సి ఉంది.

ఓటింగులో ఓడి, కోర్టులో ఓడి, చివరికి కూర్చుని మాట్లాడినప్పుడు సాధించుకున్నారు. ఇది నా అభిప్రాయం సూరీ, మా ఆఫీసులో అందరూ ఒప్పుకోరు. కేసులు వేసి ఒత్తిడి తేకపోతే ఆ బేరమే కుదిరేది కాదని కొందరంటారు. కావచ్చు. అయినా ఆ గెలుపు కింద ఇంకొక పని ఉంది, పత్రికలకెక్కనిది. నీకు పనికొచ్చేది అదే.

ఉచిత అనుమతులు ఎలా లెక్కిస్తారో చూడు. నువ్వు తయారు చేసిన సరుకు టన్నులను ఒక బెంచ్‌మార్కుతో గుణిస్తారు. ఆ వచ్చినదాన్ని సహాయ గుణకంతో, ఏటా తగ్గే హద్దు గుణకంతో మళ్ళీ గుణిస్తారు. బెంచ్‌మార్కు అంటే టన్ను సరుకుకు ఇంత వాయువు చాలునని బోర్డు రాసిపెట్టిన అంకె. సాధారణంగా ఆ రంగం సగటులో 90 శాతం తీసుకుంటారు. టమాటా పేస్టుకు ఒక అంకె, ముక్కలకు ఇంకో అంకె. చట్టమంతా ఆ ఒక్క అంకెలో ఉందిరా. మాది 30,000 టన్నులు వదిలే ప్లాంటు అనుకో. లెక్క ప్రకారం 26,000 ఉచితంగా వస్తే మిగతా 4,000 కొనాలి. 28 డాలర్ల చొప్పున 1,12,000 డాలర్లు. అంకె కొంచెం అటూఇటూ అయితే ఆ ఖర్చు సగమూ కావచ్చు, రెట్టింపూ కావచ్చు.

అయితే టమాటా మాట వినదు. మదనపల్లె వాడివి, నీకు చెప్పాలా! ఒక ఏడాది కాయలో ఘనపదార్థం 5.3 శాతం ఉంటుంది, ఇంకో ఏడాది 4.5కు పడిపోతుంది. మేము అమ్మే పేస్టు మాత్రం ఎప్పుడూ 31 శాతమే ఉండాలి. కాగితం తీసుకుని లెక్క వెయ్యి. చిక్కటి ఏడాదిలో టన్ను పేస్టుకు దాదాపు 4.8 టన్నుల నీరు ఆవిరి చేస్తే చాలు. పలచటి ఏడాదిలో 5.9 టన్నులు. నీటిని ఆవిరి చేసే అదే ఎవాపరేటర్, అదే ఆపరేటర్లు, అదే శ్రద్ధ. గ్యాసు మాత్రం ఐదో వంతుకు పైగా ఎక్కువ కాలుతుంది. టన్ను పేస్టుకింత అని రాసిన అంకెకు ఈ తేడా కనిపించదు.

ఈ సంగతి మా సంఘం సమావేశంలో మొదటిసారి చెప్పినప్పుడు నా చేతులు వణికాయి. అంతకుముందు మాట్లాడినవాళ్ళంతా మూసేసుకోవాల్సి వస్తుంది, పొరుగు రాష్ట్రానికి పోతాం అన్న మాటే తిప్పితిప్పి అన్నారు. నేను పట్టుకెళ్ళింది ఆరు సీజన్ల పుస్తకం. రోజూ లారీల్లో వచ్చిన కాయ ఘనపదార్థం ఎంత, గ్యాసు మీటరు ఎంత తిరిగింది, ఎన్ని టన్నుల పేస్టు తీశాం. తరవాత శాక్రమెంటోలో బోర్డు బహిరంగ సమావేశం జరిగింది. అక్కడ ఎవరైనా వెళ్ళి మాట్లాడవచ్చు, సమయం మూడు నిమిషాలు. నేను ముగించాక ఒక అధికారిణి ఆ రోజువారీ అంకెలు పంపగలరా అని అడిగింది. ఆ ఉదయమంతా మాట్లాడినవాళ్ళలో ఎవరినీ ఆమె ఏమీ అడగలేదు. పేస్టు తయారీ ఎలా జరుగుతుందో ఆమెకు మా పుస్తకం చెప్పింది. మా బెదిరింపులు ఆమెకు ఏమీ చెప్పలేదు.

అలాగని మూసుకుపోతామన్న భయం అబద్ధం కాదు. ఇక్కడి ప్లాంటు మూతపడితే ఆ పేస్టు ఇటలీ నుంచో చైనా నుంచో వస్తుంది. వాయువులు అదే ఆకాశంలోకి వెళ్తాయి, మా ఊళ్ళో జీతాలు మాత్రం పోతాయి. ఉచిత అనుమతులు పుట్టిందే ఆ భయం తీర్చడానికి.

వేలం డబ్బు ఎటు పోతుందో కూడా అడిగావు. 2018లో ఇంధన కమిషన్ ఆ నిధి నుంచి ఆహార పరిశ్రమల యంత్రాల మార్పిడికి గ్రాంట్లు మొదలుపెట్టింది. మూడు దశల ఎవాపరేటర్‌లో కిలో ఆవిరి మూడు కిలోలకు కాస్త తక్కువ నీటిని లేపుతుంది. లేచిన ఆవిరిని కంప్రెసర్‌తో నొక్కి మళ్ళీ వాడే యంత్రం పెడితే గ్యాసు అవసరం చాలా పడిపోతుంది. కానీ దాని ఖరీదు, ఏడాదిలో మూడు నెలలు మాత్రమే నడిచే ప్లాంటుకు తిరిగి రావాలంటే ఎన్నేళ్ళు పడుతుందో నీకు తెలుసు. అలాంటి చోట గ్రాంటు లేకుండా ఏ యజమానీ ముందుకు రాడు. అందుకే డబ్బు వసూలు చేసే చట్టాన్ని మాత్రమే అడ్డుకుని, ఆ డబ్బు తిరిగి కార్ఖానాకు రావడం గురించి మాట్లాడని సంఘాలంటే నాకు బాధ. 2025 సెప్టెంబరులో పథకాన్ని 2045 దాకా పొడిగించారు. కొత్త పేరులో పెట్టుబడి అన్న మాట చేరింది. ఇకనైనా ఆ మాట మా షెడ్లలో కనిపించాలి.

ఇంకొకటి చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. మా లోయకు మూడు వైపులా కొండలు, గాలి కదలదు. చలికాలంలో రోజుల తరబడి పొగమంచూ పొగా కలిసి కూర్చుంటాయి. మా చిన్నదానికి ఇన్‌హేలరు లేనిదే బడికి పంపలేము. 2017లో బేరం కుదిరినప్పుడు దాన్ని గట్టిగా వ్యతిరేకించినవాళ్ళలో ఇలాంటి ఊళ్ళ జనం ఉన్నారు. ఎక్కడో అనుమతి కొనుక్కుంటే మా ఇంటి పక్క పొగగొట్టం ఆగదు కదా అన్నారు. నిజమే అన్నారు. వాళ్ళకోసం స్థానిక గాలిని కొలిచి శుభ్రం చేసే ఏబీ 617 అనే మరో చట్టం జతగా తెచ్చారు. నేను సంఘం తరఫున మాట్లాడినప్పుడల్లా ఆ ఇన్‌హేలరు నా జేబులోనే ఉంటుంది. నా ప్లాంటు బతకాలి, నా బిడ్డ ఊపిరీ నిలవాలి. ఈ రెండూ ఒకేసారి అడగడానికి నాకు సిగ్గు లేదు.

ఇప్పుడు నీ సమావేశం. మీ లక్ష్యమూ టన్ను సరుకు మీదే, కాబట్టి నీ టమాటా ఏదో వెతుక్కో. నాకు తోచినవి చెబుతాను, తప్పయితే దిద్దు. సిమెంటు గడ్డ, అదే క్లింకరు, టన్నుకు సున్నపురాయి నుంచే అర టన్నుకు పైగా వాయువు వస్తుంది, ఎంత మంచి బర్నరు పెట్టినా అది తగ్గదు. తగ్గించే ముఖ్యమైన దారి సిమెంటులో క్లింకరు పాలు తగ్గించి థర్మల్ బూడిద కలపడం. బూడిద కలిపే సిమెంటు రకం, పీపీసీలో, 35 శాతం దాకా కలపవచ్చు. మరి మీ ప్రాంతంలో కాంట్రాక్టర్లు బూడిద కలపని ఓపీసీయే కావాలంటే ఆ లెక్క మీ చేతిలో లేదు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం నుంచి బూడిద ఎంత వస్తోంది, అందని నెలలు ఎన్ని? క్లింకరు కాల్చే కిల్న్ ఎన్నిసార్లు ఆగింది? ఆగిన ప్రతిసారీ మళ్ళీ వేడెక్కించడానికి ఎంత బొగ్గు, అప్పుడు క్లింకరు ఎంత? ఆధారంగా తీసుకున్న 2023-24లో మీ కిల్న్ మామూలుగానే నడిచిందా, లేక మరమ్మతుకు ఆగిందా? ఇది ముందు చూడు. ఆ ఏడాది తేడాగా ఉంటే మీ అంకె కూడా తేడాగానే పుట్టి ఉంటుంది.

జగ్గయ్యపేట చుట్టుపక్కల చిన్న ప్లాంట్లవాళ్ళను కూడా తీసుకెళ్ళు. పెద్ద కంపెనీలకు ఢిల్లీలో మనుషులు ఉంటారు. చిన్నవాళ్ళ కష్టం ఎవరైనా చెబితేనే తెలుస్తుంది.

2023-24 కిల్న్ లాగ్‌బుక్ పేజీలు ఫొటోలు తీసి పంపు. మన హాస్టల్ రోజుల్లో థర్మోడైనమిక్స్ పరీక్షకు ముందు రాత్రి కూర్చున్నట్టు వచ్చే శనివారం కూర్చుందాం. నీకు రాత్రి తొమ్మిదైతే నాకు పొద్దున్నే, ఇబ్బంది లేదు. చెల్లెమ్మను అడిగానని చెప్పు. అమ్మకు నా నమస్కారాలు. కళ్ళజోడు పెట్టుకుని ఈ ఉత్తరం తనే చదువుతానంటే మొదటి పేజీ ఇవ్వు, మిగతాదంతా అంకెలే.

నీ
బాయిలర్ గది మిత్రుడు