బెంగళూరులోని మన తెలుగు సంఘం 2024–25 వార్షిక నివేదిక: కార్యదర్శి సమర్పణ

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశానికి రెండు వారాల ముందే ఈ నివేదిక మీ చేతికి అందాలని మన నిబంధన. పది రోజులు ఆలస్యమైంది, తప్పు నాదే.

ఉగాది, కవి సమ్మేళనం, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. వనభోజనాల రోజు వాన పడి పులిహోర ఏమైందో వచ్చినవాళ్ళకు తెలుసు. ఆదివారం తెలుగు తరగతుల్లో 14 మంది పిల్లలు మిగిలారు. అమ్మానాన్నలు తొమ్మిదింటికల్లా నిద్ర లేస్తే ఇంకా పెరుగుతారని టీచరు గారి అభిప్రాయం, నాదీ అదే. ఇక బండి సంగతికి వస్తాను.

ఇంజనీరింగ్ చదివే మన పిల్లలు బ్యాటరీ బండి తయారుచేసి విద్యార్థుల పోటీకి వెళ్తామని గత జూన్‌లో అడిగినప్పుడు కార్యవర్గంలో సగం మంది నవ్వారు. తెలుగు సంఘానికి బండెందుకన్నారు. 2001లో రేవా ఎలక్ట్రిక్ కారును రోడ్డెక్కించిన ఊళ్ళో ఉంటూ ఆ మాట అనడం నాకు నచ్చలేదు. జట్లు కాలేజీ పేరు మీదే రావాలి గనుక, వారిలో ముగ్గురు చదివే కాలేజీ పేరుతో నమోదు చేయించాం. డబ్బు, చోటు, టీ, తిట్లు మనవి.

ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. వెనక చక్రంలోనే 48 వోల్టుల 1000 వాట్ల హబ్ మోటారు, అంటే గొలుసూ గేరూ లేవు. ఫ్రేము స్టీలు గొట్టాలది. పీణ్యా పారిశ్రామికవాడలో షెడ్డున్న మన సభ్యుడు ఐదు నెలల పాటు ఒక మూల ఖాళీ చేసి ఇచ్చారు, రాత్రుళ్ళు తానే వెల్డింగు పట్టారు. పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు గానీ, సమావేశంలో ఆయన కనిపిస్తే లేచి చప్పట్లు కొట్టండి.

2022 వేసవిలో స్కూటర్లు తగలబడిన వీడియోలు తల్లులందరి ఫోన్లలో ఇంకా ఉన్నాయి. అందుకే బరువు కాస్త ఎక్కువైనా వేడికి తట్టుకునే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ తీసుకున్నాం. ఒక్కొక్కటి 3.2 వోల్టులు, 20 ఆంపియర్ అవర్లు. పదహారు వరుసగా కలిపితే 51.2 వోల్టులు, దాదాపు ఒక యూనిట్ కరెంటు.

మొదట స్టీరింగ్ ఏడిపించింది. మలుపులో లోపలి చక్రం బయటిదానికంటే ఎక్కువ కోణంలో పక్కకు తిరగాలి. మావాళ్ళు రెండూ సమానంగా తిరిగేలా బిగించారు, టైర్లు నేలను గీరుతూ కీచుమన్నాయి. జేసీ రోడ్డులో స్పేర్ పార్టుల కొట్టున్న మన పెద్దాయన వచ్చి, ముందు చక్రాలను పక్కకు తిప్పే స్టీరింగ్ కడ్డీల వెంట గీతలు గీసి వెనక్కి పొడిగిస్తే వెనక చక్రం మధ్యలో కలవాలని సుద్దముక్కతో నేల మీద గీసి చూపించారు. ఆయన చదివింది పదో తరగతి. పిల్లలు ఆ గీతను ఫోటో తీసుకున్నారు.

అసలు టెన్షన్ జనవరిలో మొదలైంది. చదునులో బాగానే పోయే బండి షెడ్డు ముందున్న ఎత్తు ఎక్కేటప్పుడు ఠపీమని ఆగిపోయేది. మీటరు చూస్తే వోల్టేజీ నిక్షేపంగా ఉంది. మోటారంటే మోటారు, కంట్రోలరంటే కంట్రోలరు అంటూ నాలుగు రోజులు వాదించుకున్నారు. చివరికి సెల్స్‌ను ఒక్కొక్కటిగా కొలిస్తే పదకొండోది నీరసంగా దొరికింది. ఎత్తులో మోటారు ఎక్కువ కరెంటు లాగగానే ఆ ఒక్కటి పడిపోయేది, కాపలా బోర్డు, అదే బీఎంఎస్, మొత్తం ప్యాకును ఆపేసేది. దాని పని అది చేసింది. సెల్ ఎందుకు వెనకబడిందంటే, ఎస్పీ రోడ్డు నుంచి తెచ్చిన ఛార్జరు వేరే రకం బ్యాటరీది, 54.6 వోల్టులతో ఆగిపోయేది. మనకు 58.4 కావాలి. సెల్‌కు 3.45 వోల్టులు దాటితేగానీ మా బీఎంఎస్ సెల్స్ మధ్య హెచ్చుతగ్గులు సరిచేయదు, ఆ ఛార్జరుతో 3.41 దాటదు. ఛార్జరు కొన్నది నేనే. మూడు వందలు బేరమాడి తెచ్చానని గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ట్రయల్‌కు మైదానం కావాలని ఒక కార్యాలయం చుట్టూ ఐదుసార్లు తిరిగాం. ఇది బైకా, కారా అన్నారు. రెండూ కాదంటే ఆ పేరుతో ఫారం లేదన్నారు. చివరికి ఒక ఆదివారం తెల్లవారుజామున షెడ్డు ఉన్న వీధిలోనే, రెండు చివరలా మనుషుల్ని నిలబెట్టి నడిపాం.

మనుషులంటే గుర్తొచ్చింది. వాట్సాప్ గ్రూపులో స్వచ్ఛంద సేవకు పేరిచ్చినవారు 23 మంది. షెడ్డుకు రెండోసారి వచ్చినవారు నలుగురు. బొటనవేలి బొమ్మ పెడితే వెల్డింగు అయిపోదు. ఆరంభశూరులని మనల్ని ఊరికే అనలేదు.

పోటీ ఫిబ్రవరిలో, హోసూరు దాటాక ఒక కాలేజీ ప్రాంగణంలో జరిగింది. తనిఖీలో మొదటిసారి ఫెయిలయ్యాం. కరెంటు మొత్తం ఆపే ఎర్ర మీట డ్రైవరుకు అందితే చాలదు, బయట నిలబడ్డవాళ్ళకూ అందేలా ఇంకొకటి ఉండాలట. రూల్ పుస్తకంలో ఉంది, ఎవరూ చదవలేదు. పక్క జట్టు తమిళ పిల్లలు తమ దగ్గరున్న అదనపు మీట ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు. బ్రేకు పరీక్షలో మూడు చక్రాలూ ఒకేసారి పట్టాయి. చివరగా జరిగిన గంటసేపు పరుగులో నడిపింది మన ఉపాధ్యక్షుల గారి రెండో అమ్మాయి, జట్టులో అందరికంటే తక్కువ బరువని ఎంపిక చేశారు. 24 కిలోమీటర్లు ఎక్కడా ఆగలేదు. కాలిన కరెంటు 430 వాట్ అవర్లు, అర యూనిట్ కూడా కాదు. 31 జట్లలో 11వ స్థానం. బహుమతి లేదు. నాకు మాత్రం గొంతు రెండు రోజులు పనిచేయలేదు.

బండి పక్కన సంఘం పేరు తెలుగులో వేయించాం. స్టిక్కరు కొట్టినతను ఒక ఒత్తు మింగేశాడు, దిద్దే టైము లేక అలాగే పరుగెత్తింది. తెలుగు టీచరు గారు నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా జతపరిచారు. బండికి అయిన 1,74,300 రూపాయల్లో 1,20,000 విరాళాలు, మిగతాది సంఘ నిధి. బిల్లులు ఉన్నాయి, టీ బిల్లులు తప్ప.

విరాళాలిచ్చిన 19 మందికి, మూడు రాత్రులు షెడ్డుకు ఉప్మా పంపిన అమ్మలకు, పోటీకి తన టెంపో పెట్టి డీజిల్ డబ్బు కూడా వద్దన్న సభ్యునికి, కన్నడంలో కసురుకుంటూనే చక్రాల ఇరుసులు రెండుసార్లు లేతు మీద చెక్కి ఇచ్చిన టర్నరు గారికి, ఉగాది వేదిక దగ్గర మైకు మోసిన కుర్రాళ్ళకు కృతజ్ఞతలు. ఎవరినైనా మరచి ఉంటే సమావేశంలో అడగండి, నివేదికలో చేరుస్తాను.

ఒక అర్జెంటు విషయం. షెడ్డు యజమానికి కొత్త ఆర్డరు వచ్చింది, ఆ మూల ఈ నెలాఖరుకు ఖాళీ చేయాలి. బండి పొడవు ఏడడుగులు, వెడల్పు నాలుగు. గ్రౌండ్ ఫ్లోరులో అంత చోటు, ఒక ప్లగ్ పాయింటు ఉన్నవారు సమావేశం రోజే నాకు చెప్పండి. మా అపార్టుమెంటు కమిటీ ఒప్పుకోలేదు, అడిగి చూశాను.

ఇట్లు,
కార్యదర్శి, బెంగళూరు