గుండం తొక్కే కాళ్లను కంకణం రోజే చూడండి

సంపాదకులకు నమస్కారం.

మా చిత్తూరు జిల్లాలో ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుళ్లు చాలా ఊళ్లలో ఉన్నాయి. తిరునాళ్లంటే పగలు భారతం హరికథ, రాత్రి నాటకం, ఒకరోజు అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, ఆఖరి రోజు మట్టితో చేసి పడుకోబెట్టిన దుర్యోధనుడి మీద భీముడి గద, ఆ సాయంత్రం అగ్నిగుండం. పత్రికల్లో ఏటా ఈ గుండం ఫోటో వస్తుంది. పసుపు బట్టలు, చేతికి కంకణం, కింద ఎర్రటి నిప్పులు అన్నీ కనబడతాయి. అరికాలు మాత్రం కనబడదు. నేను రాసేది దాని గురించే.

గుండాన్ని ఆపమని నేను అడగడం లేదు. మా ఇంట్లో తాత తొక్కాడు, మామ తొక్కాడు, నేనూ రెండుసార్లు తొక్కాను. అమ్మవారి మహిమా, సైన్సా అన్న వాదన కూడా నాకు వద్దు. 1935లో ఇంగ్లండులో కుదా బక్ష్ అనే కశ్మీరీని శాస్త్రవేత్తల ఎదుట నిప్పుల మీద నడిపించి చూశారు, ఆయన కాళ్లు కాలలేదు. బూడిద పట్టిన బొగ్గు తన వేడిని అంత త్వరగా పాదానికి ఎక్కించలేదని, అడుగు ఆనేది క్షణం పాటేనని, ఆగకుండా నడిచేవాళ్లు చాలావరకు అందుకే బయటపడతారని చెబుతారు. నమ్మినవాళ్లు నమ్మవచ్చు, నమ్మనివాళ్లు మానవచ్చు. ఎటు చూసినా ఒకటి మాత్రం తప్పదు. కాలు చురుక్కుమంటేనే మనిషి అడుగు తీస్తాడు. చురుక్కుమనడమే తెలియని కాలు సంగతి ఏమిటి?

మా మేనమామ 22 ఏళ్లు వరసగా గుండం తొక్కాడు. చివరిసారి తొక్కి వచ్చి అరుగు మీద కూర్చుని, "ఈ తూరి అమ్మ ఎంత చల్లంగా చూసిందిరా, పూలమీద నడిచినట్లే ఉండాది" అన్నాడు. అంతకుముందు ఏ ఏడూ ఆయన నోట ఆ మాట రాలేదు. కాస్త సుర్రుమనింది, అంతే, అనేవాడు. ఆ తేడా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. అందరం చేతులెత్తి దండం పెట్టుకున్నాం. అప్పటికి ఆయనకు షుగరు వచ్చి పదకొండేళ్లు.

నాలుగో రోజు మా అత్త ఇల్లు ఊడుస్తూ నేల మీద తడి మరకలు చూసింది. మరకల వెంట పోతే మామ మంచం దగ్గర తేలింది. కుడికాలి చిటికెన వేలి కింద బొబ్బ పగిలి రసి కారుతోంది. ఆ కాలితోనే ఆయన మూడు రోజులుగా పొలానికి పోయి వస్తున్నాడు. నొప్పి లేదు కాబట్టి పుండూ లేదనుకున్నాడు.

ఆ తర్వాత జరిగినదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. వెంటనే ఆసుపత్రికి పోలేదు. గుండంలో కాలు కాలిందంటే ఊళ్లో ఏమంటారో చిత్తూరు వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒంటిపొద్దు తప్పినాడంటారు, కంకణం కట్టుకుని చేయరానిది చేసినాడంటారు. ఆడవాళ్లయితే ఇంకా ఘోరంగా మాట్లాడతారు. అందుకని మా అత్త పసుపు, కొబ్బరినూనె రాసి గుడ్డ కట్టి, ఎవరైనా అడిగితే ముల్లు గుచ్చుకునిందని చెప్పింది. నాకూ అదే చెప్పింది. ఇంకో తొమ్మిది రోజులు అట్లే గడిచాయి. చివరికి జ్వరం వచ్చాక తీసుకుపోతే రెండు వేళ్లు తీసేశారు. డ్రెస్సింగు చేసే సిస్టరమ్మ, గుండం తొక్కి వచ్చినవాళ్లలో ఈయన మొదటివాడేమీ కాదని, అందరూ ముల్లు కథే చెబుతారని అన్నది.

షుగరు చాలాకాలం ఉంటే కాళ్ల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గిపోతుంది. ఇది కొత్త సంగతి కాదు. భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెలువరించిన అంచనా ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్లు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. మా తాత గుండం తొక్కిన రోజుల్లో షుగరు ఊరికి ఒకరిద్దరి జబ్బు. ఇప్పుడు ఏ వీధిలో చూసినా మాత్రలు మింగేవాళ్లే. నిప్పులు మారలేదు, కాళ్లు మారాయి. అదే కాళ్లతో వాళ్లు దీక్షలు పట్టి, చెప్పుల్లేకుండా తారురోడ్ల మీద కొండలకు నడుస్తున్నారు కూడా. అది ఇంకో ఉత్తరమవుతుంది.

గుండం నాడు ఫైరింజను వస్తుంది, 108 వచ్చి నిలబడుతుంది, పోలీసులు తాళ్లు కడతారు. ఇవన్నీ తొట్రుపడి నిప్పుల్లో పడేవాళ్ల కోసం. అవసరమే. చంకలో బిడ్డను పెట్టుకుని తొక్కేవాళ్లను ఆ తాడు దగ్గరే ఆపితే ఇంకా మంచిది. కానీ మామలాంటి వాళ్లకు ఆ సాయంత్రం చేయగలిగింది ఏమీ లేదు. అప్పటికే ఒంటిపొద్దులుండి, డప్పుల మోతలో, పూనకంలో ఉన్న మనిషికి నువ్వు తొక్కవద్దని చెబితే వింటాడా? చెప్పినవాడికి దెబ్బలు పడతాయి.

చెప్పాల్సింది కంకణం కట్టే రోజు. గుండానికి ముందే, తొక్కేవాళ్లంతా గుడి ముందు వరసగా కూర్చుని కంకణం కట్టించుకుంటారు. ఇంతకంటే మంచి అదను దొరకదు. అరికాలి మీద ఆనించి స్పర్శ చూసే సన్నని నైలాన్ దారం ఒకటి డాక్టర్ల దగ్గర ఉంటుంది. మోనోఫిలమెంట్ అంటారు. 10 గ్రాముల ఒత్తిడికి అది వంగుతుంది. కళ్లు మూసుకుని, తగిలిందా లేదా చెప్పాలి, అంతే. మనిషికి రెండు మూడు నిమిషాలు చాలు. దగ్గరి ఆరోగ్య కేంద్రం నుంచి నర్సమ్మ ఒకరు, వరసలో వాళ్ల పేర్లు తెలిసిన ఆశా కార్యకర్త ఒకరు వచ్చి కూర్చుంటే పని జరుగుతుంది. స్పర్శ లేదని తేలినవాళ్లకు పూజారే కంకణం కట్టి, గుండం చుట్టూ మూడు ప్రదక్షిణలు చేస్తే మొక్కు తీరినట్లేనని చెప్పాలి. ఆ మాట డాక్టరు చెబితే నడవదు, పూజారి నోటి నుంచే రావాలి.

ఇంకొకటి. గుండం దాటాక కొన్నిచోట్ల కాళ్లు పెట్టే నీళ్ల మడుగు ఉంటుంది. వందల కాళ్లు పడి అది బురదవుతుంది. దాని పక్కనే కొళాయి పెట్టించండి. కాలిన చోట 20 నిమిషాలు పారే చల్లటి నీళ్లు పట్టాలని, పసుపు, పేస్టు పూయకూడదని మైకులో చెప్పించండి. హరికథ చెప్పే భాగవతారు నోట వస్తే ఇంకా బాగా ఎక్కుతుంది.

దేవాదాయ శాఖ, జిల్లా వైద్య ఆరోగ్య శాఖ కలిసి ఒక ఉత్తర్వు ఇస్తే చాలు, దీనికి పెద్ద ఖర్చు లేదు. మా ఊళ్లో ఈ ఏటి కంకణాలకు ఇంకా వ్యవధి ఉంది. ఆ రోజు ఎవరైనా ఆ దారం పట్టుకుని వస్తే, ముల్లు కథ మానేసి మొదట తన కాలే చాపి చూపిస్తానని మా మామ అంటున్నాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
చిత్తూరు జిల్లా.