క్రిస్మస్ దీపాలు ఐదున్నరకే వెలిగించండి

సంపాదకులు గారికి,

నమస్కారాలు. డిసెంబరు మూడో వారం వచ్చేసరికి మన గుంటూరులో చర్చిల గోపురాలకు, ప్రహరీ గోడలకు, వీధుల్లో కట్టిన కమానులకు సీరియల్ లైట్లు ఎక్కుతాయి; ఇళ్ల ముంగిళ్లలో స్టార్లు వేలాడతాయి. ఆ అలంకరణ చూడడానికి, నాలుగు ఫోటోలు తీసుకోవడానికి మతంతో నిమిత్తం లేకుండా కుటుంబాలకు కుటుంబాలే తరలివస్తాయి. ఈ ఫోటోల విషయంలోనే చర్చి కమిటీలకు, నగరపాలక సంస్థకు, ట్రాఫిక్ పోలీసులకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం చేసుకుంటున్నాను. పండుగ రోజుల్లో దీపాలను బాగా చీకటి పడ్డాక కాకుండా సాయంత్రం ఐదున్నరకే వెలిగించాలి. వచ్చినవారు నిలబడి ఫోటో తీసుకోవడానికి చర్చి ఎదుట కొంత చోటు చూపించాలి.

ఐదున్నర అని పట్టుబట్టడానికి కారణం ఉంది. క్రిస్మస్ నాటికి మన ప్రాంతంలో సూర్యాస్తమయం దాదాపు ఐదూ నలభైకి అవుతుంది. ఆ తరువాత ఇరవై, ఇరవై ఐదు నిమిషాల పాటు ఆకాశంలో వెలుగు మిగిలి ఉండి, క్రమంగా ముదురు నీలంలోకి దిగుతుంది. ఆకాశపు వెలుగూ దీపాల వెలుగూ ఒకదానికొకటి సరితూగేది ఆ కాస్త సమయంలోనే. అప్పుడు తీసిన ఫోటోలో గోపురం అంచు, దాని మీది సిలువ, కిటికీల పైన వంపు, పక్కనున్న చెట్టు కొమ్మలు అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. బల్బులు కూడా తమ ఎరుపులో, పసుపులో తాముంటాయి. ఆరుంబావు దాటిందంటే ఆకాశం నల్లబడిపోతుంది. మన కన్ను చీకటినీ వెలుగునూ ఒకేసారి సర్దుకుని చూడగలదు గాని, కెమెరాకు అంత శక్తి లేదు. దీపాలకు సరిపడా ఎక్స్‌పోజర్ (కెమెరా లోపలికి తీసుకునే వెలుతురు) పెడితే కట్టడం చీకట్లో కలిసిపోతుంది, కట్టడానికి సరిపడా పెడితే దీపాలు తెల్లగా కాలిపోతాయి. నేను చూసినంతలో చాలా చర్చిల్లో ఏడు గంటలకు గాని, ఆరాధన మొదలయ్యే ముందు గాని స్విచ్ వెయ్యరు. అప్పటికి ఫోటోకు అందవలసినది చేజారిపోయి ఉంటుంది.

ఇది ఫోటోగ్రాఫర్ల సరదాకు సంబంధించిన సంగతి మాత్రమే అని ఎవరైనా అనవచ్చు. నేనలా అనుకోను. 1842లో ఫాదర్ హేయర్ గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ పని మొదలుపెట్టిన నాటి నుంచి ఈ నగరానికి క్రైస్తవ కట్టడాలతో అనుబంధం ఉంది. 1885లో ఆంధ్ర క్రైస్తవ కళాశాల వచ్చింది. ఆ పాత గోడల పనితనం, ఎత్తయిన కిటికీలు, ఏటవాలు కప్పులు పగటి పూట ఆ దారిన పోయేవారికి అలవాటై కంటికి ఆనవు. దీపాలు పెట్టిన పది రోజులే జనం తలెత్తి వాటిని చూస్తారు. ఆ పది రోజుల ఫోటోల్లో కట్టడం మాయమై నల్లటి తెర మీద రంగు చుక్కలు మాత్రమే మిగిలితే, అది ఏ ఊరి చర్చో కూడా చెప్పలేం. విజయవాడ గుణదల కొండనే తీసుకోండి. చీకట్లో తీసిన ఫోటోలో దీపాలు శూన్యంలో వేలాడుతున్నట్టుంటాయి. మునిమాపు వేళ తీసినదానిలో కొండ వాలు, మెట్ల దారి, పైనున్న సిలువ ఎక్కడివక్కడ తెలుస్తాయి. పైగా నిచ్చెనలెక్కి రోజుల తరబడి ఆ లైటింగు కట్టిన పనివాళ్ల శ్రమ జనవరి మొదటి వారంలో విప్పేస్తే పోతుంది. దానికి మిగిలే ఆనవాలు ఫోటో ఒక్కటే.

ఇక నిలబడే చోటు సంగతి. నిరుడు ఒక చర్చి ఎదుట నేను కళ్లారా చూశాను. ఒకాయన చంకలో పాపను ఎత్తుకుని, ఒక కాలు డివైడర్ మీద, ఒక కాలు రోడ్డు మీద పెట్టి, గోపురం మొత్తం తెర మీదికి వచ్చేదాకా ఫోన్ పైకెత్తి వెనక్కి వెనక్కి జరుగుతున్నాడు. వెనక నుంచి ఆర్టీసీ బస్సు హారన్ కొడుతూనే ఉంది. తప్పు ఆయనదని నేను అనను. గేటు దగ్గర నిలబడితే గోపురం సగమే పడుతుంది, ఫుట్‌పాత్ మీద బళ్లు పార్క్ చేసి ఉన్నాయి, మిగిలింది రోడ్డే. అదే ఫుట్‌పాత్ అంచున దీపాలకు వేసిన వైరు చీలమండ ఎత్తున అడ్డంగా పోతోంది. దాని మధ్యలో ఒక అతుకు. దాని మీద చుట్టిన నల్లటి టేపు సగం ఊడి, లోపలి రాగి తీగ బయటికి కనిపిస్తోంది. ఫోన్ తెర మీద కళ్లు పెట్టి నడిచేవారికి అది కనబడే అవకాశమే లేదు. మంచు కురిసే రాత్రుల్లో, పిల్లలు తిరిగే చోట ఇది ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర లేదు. తాత్కాలిక కనెక్షన్ తీసుకునేటప్పుడే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించడం, వైర్లను తల కంటే ఎత్తున కట్టించడం కమిటీలు తప్పనిసరి చేసుకోవాలి.

డిసెంబరు 23 నుంచి జనవరి 1 వరకు రోజూ సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా పెద్ద చర్చిల ఎదుట ఒక పక్క పార్కింగ్ ఆపి, నాలుగు బారికేడ్లు పెడితే చాలు. శుభాకాంక్షల ఫ్లెక్సీలను కూడా గేటుకు, గోపురానికి అడ్డంగా కాకుండా పక్కకు కట్టమని నాయకుల అనుచరులను కోరుతున్నాను. ఎవరి శుభాకాంక్షలనూ నేను తక్కువ చెయ్యడం లేదు. కాని పండుగ నాడు జనం చూడడానికి వచ్చేది చర్చిని.

కరెంటు ఖర్చు పెరుగుతుందన్న అభ్యంతరం నిలవదు. అలంకరణ మొత్తం కలిపి ఒక కిలోవాట్ అనుకుంటే గంటన్నర ముందుగా వెలిగించినందుకు అయ్యేది యూనిటున్నర. అదైనా అక్కర్లేదనుకుంటే, తెల్లవారుజామున చూసే మనిషి లేని వేళ వెలుగుతున్న దీపాలను ఆ గంటన్నర ముందే ఆర్పవచ్చు.

కమిటీలకు మరొక చిన్న మాట. ఆ మొదటి గంటసేపు, పరుగెత్తే లైట్లను కంట్రోలర్ బాక్సు మీది బటన్ నొక్కి నిలకడగా వెలిగేలా పెట్టండి. ఇప్పటి ఫోన్లలో నైట్ మోడ్ ఒకే బొమ్మను తియ్యదు. రెండు మూడు సెకన్ల పాటు అనేక బొమ్మలు తీసి వాటిని కలుపుతుంది. ఆ వ్యవధిలో దీపాలు వెలిగి ఆరుతూ ఉంటే కొన్ని వరసలు ఫోటోలో అసలు పడవు, కొన్ని అలుక్కుపోతాయి. చౌకరకం ఎల్‌ఈడీ సెట్లతో ఇంకో చిక్కుంది. కంటికి నిలకడగానే కనిపించినా, మన 50 హెర్ట్జ్ కరెంటు మీద అవి సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. షట్టర్ వేగం ఎక్కువగా, అంటే ఫోటోకు వెలుగు పట్టే వ్యవధి మరీ తక్కువగా పెడితే ఫోటోలో అడ్డంగా నల్లటి చారలు వస్తాయి. సెకనులో యాభయ్యో వంతుకో, నూరో వంతుకో దించితే చాలావరకు పోతాయి.

ఫోటోలు తీసే మనవాళ్లకు కూడా చెప్పవలసింది ఉంది. ఫోన్ ఫ్లాష్ కొద్ది అడుగులు దాటి పెద్దగా పనిచెయ్యదు. యాభై అడుగుల గోపురానికి ఫ్లాష్ కొట్టడం వల్ల ముందున్నవారి కళ్లు చెదరడం తప్ప ఒరిగేది లేదు, కాబట్టి ఆపెయ్యండి. లెన్సును మెత్తటి గుడ్డతో తుడవండి. వేలిముద్రల జిడ్డు వల్లే ప్రతి దీపం చుట్టూ మసక వలయం వస్తుంది. తెర మీద దీపాన్ని తాకి వెలుతురు కొంచెం తగ్గించండి. గోడకో, స్తంభానికో చెయ్యి ఆనించి రెండు సెకన్ల టైమర్ పెట్టుకోండి. అయితే ఆ స్తంభానికి సీరియల్ వైర్లు చుట్టి ఉంటే మాత్రం దాని జోలికి పోవద్దు. ట్రైపాడ్ తెచ్చేవారు దారికి అడ్డంగా వెయ్యవద్దు. అన్నిటికంటే ముఖ్యం, దీపాలను ఎంతైనా తీసుకోండి గాని, లోపల కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నవారి ముఖాల మీదికి కెమెరా పెట్టకండి. ఇళ్ల ముందు స్టార్లు తీసేటప్పుడు ఇంటివారిని ఒక మాట అడగండి. అడిగితే కాదనేవారు అరుదు, పైగా లోపలికి పిలిచి కేకు పెట్టి పంపిస్తారు.

1882లో న్యూయార్కులో ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో క్రిస్మస్ చెట్టుకు 80 విద్యుత్ బల్బులు చుట్టి వెలిగించిన సంగతి బయటికి తెలిసింది ఒక విలేకరి రాసిన వార్త వల్లనే. మన ఊళ్ల దీపాల విషయంలో ఆ పని మీ పత్రిక చెయ్యవచ్చు. పండుగ వారంలో పాఠకులు తీసిన ఫోటోలకు జిల్లా పేజీలో కొంత చోటిచ్చి, ప్రతి ఫోటో కింద చర్చి పేరు, ఊరు, లైటింగు కట్టినవారి పేరు వెయ్యవలసిందిగా కోరుతున్నాను.

చర్చి కమిటీలు ఏర్పాట్ల కోసం సమావేశమయ్యేది డిసెంబరు మొదటి రోజుల్లోనే. వెలిగించే సమయం, వైర్లు కట్టే ఎత్తు లైటింగు కాంట్రాక్టరుతో ఒప్పందం చేసుకునేటప్పుడే రాయించుకోవాలి గనుక, ఈ లేఖను ఆ లోపే ప్రచురించగలరని ఆశిస్తున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు.